మచ్లీ కమాను చెంత నొకదినము

బందరు తీరమున బుట్టి పెరిగినవారము, హైదరాబాదు పాతబస్తీకి బోయి చేపలవంట నేర్చుకొని వచ్చితిమన్నచో మీరు నవ్వకమానరు. మా పుట్టినింటివారు ఇదివఱకే నవ్విరి. అయినను ఆ దినము మాకు వంటతోపాటు మఱియొక పాఠమును నేర్పినది గావున దానిని వ్రాయుచున్నాము.

మృగశిరకార్తెనాడు చేప తినుట తెలంగాణమున తరతరముల యాచారము. కార్తెకు రెండుదినములు ముందుగా మేము తోడికోడండ్ర మిద్దరమును వేకువనే బయలుదేరి, నయాపూలు వంతెనపై మూసీనది దాటి, పత్తర్‌గట్టీ రాతికట్టడముల నడుమ నడచితిమి. 1591లో కట్టిన చార్మినారునకు ఉత్తరమున, గుల్జారుహౌజు చుట్టును నాలుగు ఎత్తైన కమానులు కలవు. వానిలో మాకు మొదట నెదురైనది మచ్లీ కమాను, అనగా చేపల కమాను. మీనము శుభచిహ్నమగుటచే నా పేరు వచ్చినదందురు. మనకును మత్స్యము విష్ణుని తొలి యవతారమే కదా! గోలకొండ ప్రభువులకు మా మచిలీపట్టణమే ప్రధానమైన రేవు. ఓడలనుండి దిగిన సరకు 300 కిలోమీటర్లకు పైగా నడచి ఈ నగరము చేరెడిది. ఈ చుట్టరికము తలచుకొనుచు ముందునకు సాగితిమి.

మమ్ము పిలిచినది మా వారివద్ద తెలుగు చదువుకొనిన యొక బాలిక నాయనమ్మగారు. అందఱును ఆమెను దాదీమా యందురు. ఏటేట నీ దినమున ఆమె తమ పాత దేవిడీలో కోడండ్రకును మనుమరాండ్రకును చేపలవంట నేర్పుదురు. ఆ యెత్తైన వాకిలి దాటునప్పుడు మా కాళ్లు తడబడినవి. నాలుగేండ్ల క్రిందట ఆ యింటినుండి వచ్చిన చేపల గిన్నెను, "చెఱువుచేప మాకు సరిపడదు" అని మేము తిప్పిపంపితిమి. దాదీమా ఆ మాట యెత్తలేదు. "రా బేటీ" అని చేయి పట్టుకొని పెరటి వేపచెట్టు నీడకు గొనిపోయిరి.

అచట తొట్టిలో కొర్రమీనులు ఈదుచుండెను. ఇది తెలంగాణ రాష్ట్రమత్స్యము. గాలిని పీల్చగలదు గావున నీరు వీడినను కొంతసేపు బ్రదుకును. అందుచే నంగడిలో ప్రాణముతోనే దొరకును. ముండ్లు తక్కువ. జిగురు మాత్రము మెండు. కల్లుప్పును బూడిదయు పట్టించి రాతిపై రుద్దినగాని అది వీడదు.

ఒక కిలో ముక్కలకు నాలుగు ఉల్లిపాయలను ఎఱ్ఱగా వేయించవలెను. వేరుసెనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియములు విడివిడిగా వేయించి, ఉల్లితో కలిపి మెత్తగా నూరవలెను. ఈ ముద్దను అల్లము వెల్లుల్లితో నూనెలో వేపి, చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలువఱకు మరిగించి, అప్పుడే ముక్కలు వేయవలెను. మా తోడికోడలు గరిటె పెట్టబోగా దాదీమా వారించి, "చేపను కెలుకరాదు బేటీ, గిన్నెనే కదుపవలెను" అనిరి. గుడ్డతో రెండు ప్రక్కల బట్టి గిన్నెను మెల్లగా త్రిప్పితిమి. పది పండ్రెండు నిమిషములకు దింపి, రెండుగంటలు ముట్టకుండ నుంచితిమి.

ఆ వ్యవధిలో "మీ తీరపు వంట మాకు నేర్పరా?" యని వా రడిగిరి. మంచుపెట్టెలలో బందరు రొయ్యలు కూడ నిచటి కిప్పుడు వచ్చుచున్నవి. వానిని చింతచిగురుతో వండి చూపితిమి. దాదీమా రెండుమారులు వడ్డించుకొనిరి. అప్పుడు ధైర్యము తెచ్చుకొని, నాటి తప్పును మన్నింపుడని వేడుకొంటిమి. ఆమె నవ్వి, "గిన్నె తిరిగి వచ్చినది గాని, వాకిలి మూయలేదుగదా" అనిరి.

సాయంకాలము చేపల సాలను గిన్నెతో నిలు చేరితిమి. మా యత్తగారికి పండ్లు లేవు. ముల్లు గొంతున దిగునను భయముచే ఏడాదిగా చేప మానివేసిరి. ఒక ముక్క విఱిచి అన్నములో కలిపి పెట్టితిమి. ఆమె మెల్లగా నమలి, "ఏ యూరి చేపమ్మా యిది? మఱికొంచెము వేయుము" అనిరి. చెఱువుచేప యని చెప్పితిమి. ఆమె యేమియు ననక విస్తరి ముందునకు జరిపిరి.

ఇచ్చిన గిన్నెను వట్టిగా పంపుట మన యాచారము కాదు. మఱునాడు దాని నిండ బందరు లడ్డూలు పెట్టి, మేమే స్వయముగా మచ్లీ కమాను క్రిందుగా మోసికొనిపోయితిమి.