పాత ఇంజిన్‌ను ముందే ఇచ్చేయకండి

స్విఫ్ట్ డీజిల్‌కీ ఎర్టిగా డీజిల్‌కీ ఇంజిన్ ఒకటేనని విజయవాడ ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. అందులో అబద్ధం లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని, ఇంకేమీ చూసుకోకుండా డబ్బు కట్టడమే నేను చేసిన తప్పు. దానికి నేను పెట్టిన ఖర్చు ఇంకొకరు పెట్టకూడదని ఇది రాస్తున్నాను.

నా బండి 2012 స్విఫ్ట్ వీడీఐ. చాంబర్ నట్టు దగ్గర ఆయిల్ కారుతుంటే రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ తిప్పాను. హైవే మీద ఆయిల్ లైటు వెలిగితే బంకు దాకా పోదాంలే అనుకున్నాను. బంకు రాకముందే ఇంజిన్ పట్టేసింది. విప్పి చూస్తే బేరింగులు తిరిగిపోయి క్రాంకు గీరుకుపోయి ఉంది. క్రాంకు, బేరింగులు, హెడ్ పని, లేబర్ అన్నీ కలిపి లెక్కేసిన మెకానిక్ బాబాయ్, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ దించుకోవడమే నయమన్నాడు. ఆయన సలహా సరైనదే. ఆయన ఊళ్ళో లేని రోజు చూసి నేనొక్కణ్ణే వెళ్ళి బేరం చేసుకొచ్చాను.

ఈ ఇంజిన్ ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. 2007లో స్విఫ్ట్‌తో మారుతిలోకి వచ్చింది. డిజైర్, రిట్జ్, ఎస్‌ఎక్స్4, ఎర్టిగా, సియాజ్ అన్నిటికీ ఎక్కింది. టాటా వాళ్ళ ఇండికా విస్టా, మాంజాల్లోనూ, ఫియట్ పుంటో, లీనియాల్లోనూ ఉన్నది ఇదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అమల్లోకి వచ్చేసరికి మారుతి డీజిల్ బళ్ళు ఆపేసింది కాబట్టి, ఇప్పుడు ఇంజిన్ పోయినవాళ్ళు తిరిగేది పాత సామాను కొట్ల చుట్టూనే. ఇన్ని బళ్ళకు ఒకటే ఇంజిన్ అన్నప్పుడు దొరకడం తేలికే అనిపిస్తుంది. కానీ ఒకటిగా ఉన్నది లోపలి దిమ్మ. దాని చుట్టూ తగిలించినవి బండిని బట్టి మారిపోతాయి. విస్టాలో పవర్ స్టీరింగ్ హైడ్రాలిక్, అందుకని దాని పంపూ పుల్లీ ఇంజిన్‌ను పట్టుకునే ఉంటాయి. స్విఫ్ట్‌లో స్టీరింగ్‌కు సాయం చేసేది ఎలక్ట్రిక్ మోటారు, అసలు ఆ పంపే ఉండదు. ఇక్కడే బెల్టు దారి మారిపోయింది. ఫౌండేషన్ బ్రాకెట్లూ, గేర్‌బాక్సూ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మారుతి బళ్ళలోనే ఇది రెండు రకాలు. స్విఫ్ట్, డిజైర్‌లది 75 పీఎస్. ఎర్టిగా, సియాజ్‌లది 90 పీఎస్. నేను కొన్నది ఎర్టిగాది. పెద్ద తేడా టర్బోలో ఉంది. 75 దాంట్లో గాలి ఒత్తిడి మితిమీరితే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరుచుకుని పొగను పక్కదారి పట్టిస్తుంది, అంతే. 90 దాంట్లో టర్బైను చుట్టూ సన్నని రెక్కలుంటాయి. అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గాలిని బలంగా తోయిస్తాయి. ఆ రెక్కల్ని కదిపేది వాక్యూమ్. ఎంత వాక్యూమ్ ఇవ్వాలో నిర్ణయించేది ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. స్విఫ్ట్ ఈసీఎంలో ఆ లెక్కే రాసి ఉండదు.

కొట్టు ఆయనకు ఇదంతా తెలుసో లేదో నేను చెప్పలేను. "స్విఫ్ట్‌కి కళ్ళు మూసుకుని దించుకోవచ్చు గురువుగారూ, బోల్టు తేడా ఉండదు. పాతది మాకిచ్చేయండి, రేటు తగ్గిస్తాను" అన్నాడు. పట్టేసిన ఇంజిన్‌కు డబ్బిస్తానంటున్నాడు కదా అని సంతోషంగా ఒప్పుకున్నాను. సాయంత్రానికి నా ఇంజిన్ అతని ట్రాలీ ఎక్కింది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్న మాట ఇదే. పట్టేసిన ఇంజిన్‌లో పోయేది క్రాంకు, బేరింగులు, మహా అయితే పిస్టన్లు. దాని మీదున్న బ్రాకెట్లు, సెన్సార్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఆల్టర్నేటర్, సెల్ఫ్, ఈజీఆర్, ఆయిల్ పైపులు, వైరింగ్ క్లిప్పులు అన్నీ మన బండికి కుదిరినవే. వాటి పక్కన పెడితే కొత్తగా వచ్చిన దిమ్మే పరాయిది. ఎక్స్‌ఛేంజ్‌లో మనకు తగ్గించే డబ్బు ఇనుము ధర, కొట్టువాడికి దక్కేది సామాను. కొత్తగా వచ్చిన ఇంజిన్ బండిలో కూర్చుని, స్టార్టయి, రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగేదాకా పాతది షెడ్డు మూల ఉండాల్సిందే. ఎక్స్‌ఛేంజ్ రేటు పోతుందంటే పోనివ్వండి.

ఊరి నుంచి వచ్చిన బాబాయ్ ఇంజిన్‌ను చూసీ చూడగానే టర్బో మీది వాక్యూమ్ డబ్బాను వేలితో చూపించి "దీని గొట్టం ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు. స్విఫ్ట్‌లో దానికి చోటు లేదు. పాత టర్బో తెచ్చిద్దామని కొట్టుకు పరిగెత్తితే, నా ఇంజిన్ అప్పటికే విప్పేశారు. టర్బో ఎవరికో అమ్ముడైపోయింది. ముందు ఇలాగే నడిపి చూద్దామని పట్టుబట్టింది నేనే. స్టార్టయితే అయింది గానీ, దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సెకండ్ గేరులో కూడా లాగలేదు. వెనకంతా నల్ల పొగ. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు. వాక్యూమ్ అందని రెక్కలు తెరుచుకునే ఉండిపోయాయి, టర్బో ఉండీ లేనట్టే అయింది.

చివరికి 75 పీఎస్ టర్బో, దాని మానిఫోల్డ్, ఆయిల్ పైపులు విడివిడిగా కొన్నాను. ఇక్కడ బాబాయ్ చెప్పిన ఇంకో సంగతి కూడా రాయాలి. బేరింగులు పోయిన ఇంజిన్‌లో లోహపు పొడి ఆయిల్‌తో పాటు టర్బోలోకీ వెళ్తుంది. పాత టర్బో దొరికినా సరే, షాఫ్ట్ ఆట చూసి, కడిగి, నమ్మకం కుదిరితేనే పెట్టాలి. కాబట్టి పాతదంతా బంగారమని నేను అనను.

కొనేటప్పుడే ఏం చూసుకోవాలో నాకు తర్వాత తెలిసింది. మారుతి పార్ట్ నంబరులో మొదటి అయిదంకెలు అది ఏ భాగమో చెబుతాయి. వాటి తర్వాత వచ్చేవి అది ఏ మోడల్ కోసం పుట్టిందో చెబుతాయి. మొదటి అయిదు కలిశాయంటే రెండూ టర్బోలే అని అర్థం, ఒకే టర్బో అని కాదు. నంబరు పూర్తిగా కలవకపోతే, పాతదీ కొత్తదీ పక్కపక్కన నేల మీద పెట్టి ఒక్కో ప్లగ్గు, ఒక్కో పైపు మూతి పోల్చుకోవాలి. క్లచ్ ప్లేటును మన గేర్‌బాక్సు షాఫ్టులోకి చేత్తో దూర్చి చూడాలి. అరపూట పడుతుంది, పట్టనివ్వండి.

ఒకప్పటి డీజిల్ ఇంజిన్లను కొట్టు ముందే నేల మీద పెట్టి, బ్యాటరీ తగిలించి, సీసాతో డీజిల్ పోసి స్టార్ట్ చేసి చూపించేవారు. కామన్ రైల్ ఇంజిన్‌తో అది కుదరదు. ఈసీఎం ఆజ్ఞ లేనిదే ఇంజెక్టర్ తెరుచుకోదు, తాళంచెవిని గుర్తుపట్టనిదే ఈసీఎం ఆజ్ఞ ఇవ్వదు. అందుకని క్రాంకు పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఆయిల్ మూత తీసి లోపల నల్లటి మడ్డి పేరుకుందేమో చూడాలి. వీలైతే కంప్రెషన్ కొట్టించాలి. ఈ ఇంజిన్‌కు ఉన్నది టైమింగ్ చెయిన్. ఆయిల్ వేళకు మార్చని బండిలో అది సాగి ఉంటుంది. విప్పదీసినప్పుడే మార్చుకుంటే మంచిది.

ఇంజెక్టర్ల దగ్గర కూడా తడబడ్డాం. ప్రతి ఇంజెక్టర్ తల మీద చిన్న అక్షరాలూ అంకెలూ కలిపిన కోడ్ ఒకటి ఉంటుంది. ఏ సిలిండర్‌లో ఏ కోడ్ ఇంజెక్టర్ ఉందో స్కానర్‌తో ఈసీఎంకు చెప్పాలి. మేం ఎర్టిగా ఇంజెక్టర్లు అలాగే ఉంచేసి పాత కోడ్‌లతోనే నడిపాం. ఐడిలింగ్‌లో బండి మొత్తం వణికేది, టకటకమని చప్పుడు వచ్చేది. కోడ్‌లు చదవడానికి బాబాయ్ డీజిల్ గుడ్డతో ఒక్కోదాన్నీ తుడిచి, టార్చి పట్టుకుని వంగాల్సి వచ్చింది. ఇంజిన్ నేల మీద ఉండగానే ఫోన్‌తో ఫోటో తీసి ఉంటే సరిపోయేది.

కాగితాల పని మాత్రం మొదటే మొదలుపెట్టాలి. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. రేపు ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వస్తే చూసేది దాన్నే. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చడం గురించి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే ఇంజిన్ దించాలి. కొనబోయే ఇంజిన్ దొంగబండిది కాదని తేల్చుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ళ వాహన్ సమన్వయ్‌లో నంబరు వేసి చూడొచ్చు. నంబరు చెక్కేసి ఉన్నా, కొత్తగా కొట్టినట్టున్నా ఆ ఇంజిన్ ఉచితంగా ఇచ్చినా వద్దు. నాకిచ్చిన బిల్లులో "పాత డీజిల్ ఇంజిన్, ఒకటి" అని తప్ప మరేమీ లేదు. మళ్ళీ కొట్టుకు వెళ్ళి, ఇంజిన్ నంబరు, అది ఏ బండిలోంచి తీశారో ఆ రిజిస్ట్రేషన్ నంబరు, కొట్టు స్టాంపు వేయించుకున్నాకే ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టగలిగాను.