రూట్ 4 దగ్గర ఆగిన కలం

వాడపల్లి,
ఆదివారం రాత్రి.

ఏం బావా,

అక్కడ యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలకి సంఖ్యా వ్యవస్థలూ, నిరూపణ రాయడమూ కలిపి ఒక కోర్సుగా చెబుతున్నావని తెలిసి ఎంత సంతోషించానో! ఇక్కడ డిగ్రీ చదివే పిల్లలు కొందరు నా దగ్గరికీ వస్తున్నారు. శనివారం మన ఊరి సంగతి నీకు తెలుసుగా, ఏడు వారాల మొక్కు జనంతో వెంకన్న గుడి దారిలో కాలు పెట్టే సందుండదు. అందుకని ఆదివారాలు మా అరుగు మీదే కూర్చుంటున్నాం.

వీళ్ళకి లెక్కలు రాకపోవడం కాదు. సమాకలనం ఇస్తే చకచకా తేల్చేస్తారు. "ఎందుకు?" అంటేనే తలలు దించుకుంటారు. ఇంటర్‌లో గణితానుగమనం కూడా మార్కుల కోసం వరస కంఠతా పట్టినవాళ్ళే.

ఇవాళ రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించమన్నాను. పదో తరగతి నాటిదే కదా, గడగడా రాసేశారు. భిన్నమే అనుకుందాం, లవహారాలకి ఉమ్మడి కారణాంకం లేదు, లవం వర్గాన్ని 2 భాగిస్తుంది, కాబట్టి లవాన్నీ భాగిస్తుంది, హారాన్నీ భాగిస్తుంది, వైరుధ్యం. సరే, 2 ఉన్న చోటల్లా 4 పెట్టి మళ్ళీ రాయమన్నాను. అదీ రాశారు. రూట్ 4 కూడా కరణీయమే అని తేలింది! అప్పుడు చూడాలి బావా వాళ్ళ ముఖాలు.

ఏ వాక్యం చెడిందో వెతకమన్నాను. చాలాసేపటికి ఒకమ్మాయి ఆ "కాబట్టి" మీద వేలు పెట్టింది. 6 వర్గం 36, దాన్ని 4 భాగిస్తుంది, 6ని మాత్రం భాగించదు. ఆ వెంటనే తనే, "మరి 2కి మాత్రం ఎందుకు నిజమండీ మాస్టారూ?" అంది. నేను అడగాల్సిన ప్రశ్న తనే అడిగింది! బేసి సంఖ్య వర్గం బేసే అని రాసుకున్నాం. 3కి వచ్చేసరికి ఆ దారి చాల్లేదు, శేషాలు విడివిడిగా చూడాల్సి వచ్చింది. ఏ ప్రధాన సంఖ్యకైనా చెప్పాలంటే యూక్లిడ్ ఏడో పుస్తకంలోని సిద్ధాంతం కావాలి. 6 ప్రధాన సంఖ్య కాకపోయినా ఆ "కాబట్టి" దానికి ఎందుకు చెల్లుతుందో వచ్చే వారం తెమ్మన్నాను.

పావులూరి మల్లన సంగతీ చెప్పాను. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని వందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడంటే కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. రుణసంఖ్య దేనికీ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదన్నాడు మహావీరుడు, 9వ శతాబ్దంలో. కారణం చెప్పాడు చూడు, అదీ నాకు నచ్చేది. వాస్తవ సంఖ్యల్లో ఆ మాటకి తిరుగులేదు. మూలం కావాలంటే కొత్త సంఖ్యల్ని కట్టుకోవాలి. 1837లో హామిల్టన్ వాస్తవ సంఖ్యల జంటలతో కట్టి చూపించింది అదే.

రూట్ 2ని రూట్ 3తో గుణిస్తే రూట్ 6 అని వీళ్ళు వందసార్లు వాడి ఉంటారు. అది అంతవరకూ ఎవరూ సరిగ్గా నిరూపించలేదని డెడికిండ్ రాశాడంటే ఎవరూ నమ్మలేదు. 1858లో జ్యూరిచ్‌లో కలనగణితం పాఠం చెబుతుంటే కాళ్ళ కింద నేల గట్టిగా లేదనిపించి మొదలుపెట్టాడాయన. పుస్తకం 1872కి గాని రాలేదు. పాఠం చెప్పేవాడి అసంతృప్తిలోంచి వాస్తవ సంఖ్యలకి పునాది పడిందన్న సంగతి మన సిలబస్‌లో ఎక్కడా ఉండదు, నాకదే బాధ.

నీ కోర్సులో వరస ఏమిటి? సహజ సంఖ్యల స్వీకృతాల నుంచి ఒక్కొక్కటీ కట్టుకొస్తావా? నా మట్టుకు సరిబేసులతో నిరూపణ రాయడం ముందు అలవాటు చేసి, కట్టడం తరవాత చూపిస్తే మంచిదనిపిస్తోంది. మొదటే పునాదులు తవ్వితే, వాటి అవసరం పిల్లలకి ఎలా తెలుస్తుంది?

నీ ప్రశ్నలు పంపు, జవాబులొద్దు. అక్కడి పిల్లలు రాసిన తప్పు నిరూపణలుంటే, పేర్లు తీసేసి అవి తప్పకుండా పంపు. మావాళ్ళు కన్నం ఎక్కడుందో వెతుకుతారు. మావాళ్ళవి నీకు పంపిస్తాను, మీవాళ్ళ చేత వెతికించు.

నీ
బావ