సన్న రంపం నేర్పే నిదానం

గుర్రంకొండ కోట దిగువన రంగినీ మహల్ కమానులు చూసినప్పుడల్లా ఆ వంపుల్ని చెక్కలో కోయాలనిపిస్తుంది. దానికి తగిన పనిముట్టు స్క్రోల్ సా. పళ్లు కిందికి చూసేలా బిగించిన సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే, చెక్కను మనమే తిప్పుతూ గీత వెంట నడపాలి. లోపలి జాలీ కోయాలంటే ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి, బ్లేడు ఒక కొస విప్పి అందులోంచి దూర్చి మళ్లీ బిగించాలి. బలంగా నెడితే బ్లేడు వంగుతుంది, తెగుతుంది. తొందర ఇక్కడ చెల్లదు. ఈ పనిమీద నాకు ఇష్టం అందుకే. కొత్తవాళ్లకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. తర్వాత మన తోటల మామిడి చెక్క పట్టవచ్చు. ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు, దానికి చట్టం కాపలా ఉంది. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.