జేజి ఊరికి పోయే దారిలో పిట్టగోడ



ఈ వారం ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాం. దాన్ని బూస్టర్ సీటు అంటారు. కారు సీటు మీద పిల్లల కోసం వేసే ఎత్తు పీట అనుకోండి. పోయిన వేసవి దాకా మేమూ దాని పేరు వినలేదు.

మా మనవరాలు మా దగ్గరే పెరుగుతోందని మీకు తెలుసు. అమ్మానాన్నలు కువైట్‌లో ఉన్నారు. కడప వైపు ఇట్లాంటి ఇళ్లు ఎన్నో. పిల్లకు ఎనిమిదేళ్లు. సెలవులొస్తే కడపలో జేజి దగ్గరికి పంపాలి. మాకు బండి లేదు. మా చిన్ననాటి స్నేహితుడొకాయన, రిటైరైన సారు, పాత కారొకటి కొన్నాడు. "ఎండల్లో బస్సు ఏంటికప్పా, నేను తీసకపోతా" అన్నాడు. బయలుదేరే ముందు బండి చుట్టూ నిలబడి ప్రార్థన చేసుకున్నాం. వెనక సీట్లో ముగ్గురం కూర్చున్నాం. బెల్టు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ దాటినాం. చాగలమర్రి ఇంకా కొంత దూరముందనగా గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. సారు బ్రేకు తొక్కినాడు. ఒక్క గొర్రెకు కూడా తగల్లేదు. కానీ మా మధ్యలో కూర్చున్న పిల్ల ముందుకు జారి ముందు సీటుకు కొట్టుకుంది. పెదవి చీలింది. రక్తం చూసి సారు రోడ్డు పక్కనే కూర్చుండిపోయినాడు.

ఆ రాత్రి కువైట్ నుంచి ఫోనొస్తే "అందరం క్షేమంగా చేరినాం" అన్నాం. అబద్ధం కాదనుకున్నాం. మరుసటి రోజు వీడియోలో పిల్లే చెప్పింది: "అమ్మా, నా పెదవి చూడు." కూతురు ఏమీ అనలేదు. కొంతసేపు మాట్లాడకుండా ఉండిపోయింది. తిట్టింటే బాగుండునని మా ఇద్దరికీ అనిపించింది.

ఊరికి తిరిగొచ్చినాక సారు వెనక సీటు కవరు విప్పి చూసినాడు. బెల్టు కొక్కేలు కవరు కిందే పూడిపోయి ఉన్నాయి. కిటికీల పక్కన రెండు చోట్ల నడుమునూ భుజాన్నీ పట్టే బెల్టు ఉంది. మధ్యలో నడుముకు మాత్రమే ఉంది. కిటికీ పక్కన పిల్లను కూర్చోబెట్టి బెల్టు వేస్తే పై పట్టీ మెడ మీదికొచ్చింది, కింది పట్టీ కడుపు మీదికెక్కింది.

ఆ మూడు చోట్ల పట్టే బెల్టును వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజినీరు 1959లో తెచ్చినాడు. మిగతా కంపెనీలు కూడా వాడుకునేటట్టు ఆ పేటెంటును వాళ్లు వదిలేసినారు. మేలైన పని. అయితే ఆ బెల్టు పెద్దవాళ్ల కొలతకు చేసింది. బెల్టు పట్టాల్సింది గట్టి ఎముకల మీద: కింద తుంటి ఎముకలు, పైన భుజం, రొమ్ము. మెత్తని కడుపు మీద ఉంటే, గట్టిగా గుద్దుకున్నప్పుడు లోపల పేగులకే దెబ్బ. పిల్లను కొంచెం పైకి లేపితే అదే బెల్టు సరైన చోటికి వస్తుంది. బూస్టర్ చేసే పని అంతే.

"బొంత మడిచి వేస్తే పోదా?" అన్నాడు సారు. మేమూ మొదట అట్లే అనుకున్నాం. కానీ బొంత అణుగుతుంది, జారుతుంది. బొంతతో పాటు పిల్లా బెల్టు కిందికి జారుతుంది. గట్టి అడుగు, బెల్టును పట్టి ఉంచే కొమ్ములు ఉన్నదే కావాలి.

కొనే ముందు పిల్లను కొలిచినాం. బుడ్డల అంగడి కాటా మీద 21 కిలోలు. గోడకు నిలబెట్టి టైలర్ టేపుతో చూస్తే 119 సెంటీమీటర్లు. బూస్టర్లు రెండు రకాలు: వీపు ఆనే పలక ఉన్నవి, ఉత్త పీటలు. పీట చవక, తేలిక, ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చడం సులువు. వేరేవాళ్ల కారుకు అదే మేలనిపించింది. కానీ యూరప్ కొత్త నియమాల్లో ఉత్త పీటను 125 సెంటీమీటర్లు దాటిన పిల్లలకే ఒప్పుకుంటారు. పైగా సారు బండిలో వెనక సీటు వీపు పొట్టిది, పిల్ల పీట మీద కూర్చుంటే తల వెనక ఆనడానికేమీ ఉండదు. అందుకని పలక ఉన్నదే తీసుకున్నాం. 15 నుంచి 36 కిలోల దాకా పనికొస్తుందని దాని మీద రాసి ఉంది. ఎవరో వాడింది తక్కువకు వస్తుందన్నారు కానీ వద్దనుకున్నాం. అది ఒకసారి ప్రమాదంలో ఉండిందో లేదో పైకి చూస్తే తెలియదు.

అసలు కష్టం కొనడం కాదు, సారుకు చెప్పడం. సీటు చూడగానే ఆయన మొహం చిన్నబోయింది. "నా డ్రైవింగ్ మీద నమ్మకం పోయిందా అప్పా?" అన్నాడు. ఊరికే, డబ్బు తీసుకోకుండా, పెట్రోలు పోసుకొని తీసకపోయే మనిషి. ఏమని చెప్పాలి? "నీ మీద నమ్మకం ఉంది. గొర్రెలు నీ మాట వినవు కదప్పా" అన్నాం. ఆయన నవ్వలేదు.

అప్పుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం గుర్తొచ్చింది. కొత్తిల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి రాకూడదని దేవుడు చెప్పిన మాట అది. మన సీమలో మిద్దె మీద పడుకునేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పిట్టగోడ కట్టినవాణ్ణి "నీకు దేవుని కాపుదల మీద విశ్వాసం లేదా" అని ఎవరూ అడగరు. మిద్దెకొచ్చిన చుట్టాలను తాగుబోతులని అనుమానించినట్టూ కాదు. కాపాడే దేవుడే గోడ కట్టమన్నాడు. ఇదే మాట సారుతో అన్నాం. ఆయన చాలాసేపు ఊరకుండి, "అయితే కొక్కెం ఎట్ల పెట్టాలో నాకూ చూపించు" అన్నాడు.

పిల్ల ఒప్పుకోవడం ఇంకో కత. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని ఏడ్చింది. బలవంతం చేయలేదు. కూర్చోబెట్టి కిటికీలోంచి చూడమన్నాం. దసరా సెలవులకు పోయేటప్పుడు నంద్యాల దాటినాక నల్లమల కొండలు కనబడుతుంటే దారంతా మాకు చెప్తూనే ఉంది.

సంఘంతో ఒక మాట ఒప్పుకోవాలి. సండే స్కూలుకు పిల్లలను ఒకే ఆటోలో కుక్కి పంపినవాళ్లం మేమే. "ప్రభువు చూసుకుంటాడులే" అన్నదీ మేమే. ఇకనుంచి రెండు విడతలుగా తీసుకొస్తాం. ఆరాధన పది నిమిషాలు ఆలస్యమైనా ఓర్చుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారులో తీసకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మనం జరిమానాకు భయపడి కాకుండా పిల్లల కోసం చేద్దాం.

ఎప్పటిదాకా అంటారా? వీపు సీటుకు పూర్తిగా ఆనాలి. మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి. కింది పట్టీ తొడల మీద, పై పట్టీ భుజం మధ్యలో ఉండాలి. దారి పొడుగునా అట్లే కూర్చోగలగాలి. మామూలుగా 145 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే 4 అడుగుల 9 అంగుళాలకు ఇది కుదురుతుంది.

మా సీటు ఏడాదిలో చాలా రోజులు గూట్లోనే ఉంటుంది. మీలో ఎవరైనా ఆ కొలత పిల్లలతో కారులో ఊరికి పోతుంటే వచ్చి అడిగి తీసకపోండి. వెనక కిటికీ పక్కనే వేయండి, పిల్ల లేనప్పుడు కూడా దాన్ని బెల్టుతో కట్టేయండి. బండి దేనికైనా గుద్దుకుంటే మాత్రం దాచకుండా చెప్పండి. ఆ సీటు ఇక వాడకూడదు. డబ్బు అడగం. దాచడం ఎంత బరువో మాకు తెలుసు.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమెన్.