టిఫిన్‌కు ముందు వేసుకోవలసిన మాత్ర

రోగి సంస్కృతిని అర్థం చేసుకోవాలని చెప్పే పాఠాలు వైద్యవిద్యలో ఇప్పుడు కొన్నైనా ఉన్నాయి గాని, వైద్యుడు తన సంస్కృతిని తాను గుర్తించాలని చెప్పే పాఠం దాదాపు లేదనే అనాలి. ఆచారాలూ నమ్మకాలూ పథ్యాలూ అన్నీ బల్లకు అవతల కూర్చున్న మనిషివేననీ, ఇవతల ఉన్నది కేవలం శాస్త్రమేననీ ఒక భావన తెల్లకోటుతో పాటే అలవాటవుతుంది. వైద్యుడు కూడా ఏదో ఒక ఇంట పుట్టి, ఆ ఇంటి వేళలకు తిని, ఆ కులానికీ మతానికీ వీధికీ చెందిన మర్యాదలు నేర్చుకుని వచ్చినవాడే అయినా, అవి అతనికి ఆచారాలుగా కాక లోకం తీరుగా తోస్తాయి కాబట్టి, మందుల చీటీలోకి అవి ఎప్పుడు చొరబడ్డాయో అతనికి తెలియదు.

మధుమేహానికి ఇచ్చే గ్లిమిపిరైడ్ అనే మాత్ర సంగతి చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఈ మందు క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. కడుపులోకి ఆహారం వచ్చిందా లేదా అన్న విచారణ దానికి లేదు. చీటీ మీద సాధారణంగా ‘ఉదయం టిఫిన్‌కు ముందు’ అని రాస్తారు. పత్తి చేలో కూలికి వెళ్ళే ఒక నడివయసు స్త్రీని, పొద్దున పది కాకముందే ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, చాళ్ళ మధ్య కూలబడితే, ఎండదెబ్బ అనుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకువచ్చారు. వేలి చివర సూది గుచ్చి చూస్తే చక్కెర 48 ఉంది. 70 కన్నా తగ్గితేనే దానిని హైపోగ్లైసీమియా, అంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అంటారు. గ్లూకోజు ఎక్కించాక తేరుకున్న ఆమెను అడిగితే, మాత్ర ఏనాడూ తప్పలేదనీ, రోజూ ఐదున్నరకే వేసుకుంటున్నాననీ చెప్పింది. ఆమె ఇంట్లో టిఫిన్ లేదు. చీకటితోనే లేచి, వంట ముగించి, ఆరింటికి ముఠాతో బయలుదేరి, సద్ది మూట విప్పేసరికి పది దాటుతుంది. ఎనిమిదింటికి ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చునే ఇంట పెరిగిన వైద్యునికి ‘టిఫిన్‌కు ముందు’ అన్నది గడియారం మీది అంకె అంత ఖచ్చితమైన సూచన; ఆమెకు మాత్రం దానికి ‘పొద్దున్నే’ అన్న అర్థం తప్ప మరొకటి తోచలేదు. మోతాదు తగ్గించి, మాత్రను సద్దితోపాటే మూటగట్టుకుని వెళ్ళి తినబోయే ముందు వేసుకోమని చెప్పడంతో ఇబ్బంది తీరింది.

చీటీకి జతచేసే ఆహార పట్టికలో కూడా ఇదే కథ నడుస్తుంది. పదకొండింటికి మజ్జిగ, నాలుగింటికి మొలకలు, రాత్రికి అన్నం బదులు చపాతీ అని అందులో అచ్చేసి ఉంటుంది. జొన్నరొట్టె తిన్న నేల మీద, రాగిసంగటి తిన్న నేల మీద గోధుమ చపాతీకి మందు హోదా ఎలా వచ్చిందన్నది వేరే విచారించవలసిన విషయం. (సంగటి కూడా ముద్దలకు ముద్దలు తింటే చక్కెరను పెంచుతుంది, పాతదల్లా పథ్యమనుకోవడం మరో భ్రమ.) ఎండుచేపలూ కోడిగుడ్లూ పట్టికలో కనబడకపోతే, అది పోషకాహార శాస్త్రం నిర్ణయమో, పట్టిక తయారుచేసిన వారి వంటింటి నిర్ణయమో ఒకసారి అడిగి చూడాలి. ఇంతకన్నా సూటిగా బయటపడేది ఉపవాసాల విషయంలో. కార్తీక సోమవారం ఉపవాసముండే తల్లికి ఫోనులోనే మాత్రల వేళలు మార్చి చెప్పే వైద్యుడే, రోజా పాటించే రోగి ఎదుట కూర్చోగానే ‘అదంతా మానెయ్యాలి’ అంటాడు. నిజంగా ప్రమాదం ఉన్నవారిని వారించక తప్పదు గాని, చాలామందికి కావలసింది ఇఫ్తార్‌కూ సహరీకీ తగినట్లు మోతాదులు సర్దడం, ఆ పని రంజాన్ నెలకు ముందే చేయడం.

అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు, మానవశాస్త్రజ్ఞుడు ఆర్థర్ క్లైన్‌మన్ 1978లో తన సహరచయితలతో ప్రచురించిన వ్యాసంలో, రోగికి తన జబ్బు గురించి ఒక వివరణ ఉంటుందనీ, వైద్యునికీ అలాంటిదే మరొకటి ఉంటుందనీ, చికిత్స ఆ రెంటి మధ్య సాగే సంప్రదింపు అనీ ప్రతిపాదించాడు. ఈ జబ్బు ఎందువల్ల వచ్చిందనుకుంటున్నారు, ఇప్పుడే ఎందుకు మొదలైంది, దీనిలో మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నదేది అన్న తరహా ప్రశ్నలు అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చాయి. రోగిని అడగడం దగ్గరే చాలామంది ఆగిపోయారు. తరువాత ఫలానా మతంవారు ఇలా, ఫలానా తెగవారు అలా అని జాబితాలు వేసే చేతిపుస్తకాలు వచ్చాయి. అవి మనిషిని చూడకముందే మనిషి తెలిసిపోయాడన్న ధీమాను ఇచ్చాయి. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు వైద్యురాళ్ళు ఈ ధీమాను ప్రశ్నిస్తూ ‘సాంస్కృతిక వినమ్రత’ అన్న భావనను ముందుకు తెచ్చారు. ఎదుటివారి సంస్కృతిలో ప్రావీణ్యం సంపాదించడానికి బదులు తన పక్షపాతాలనూ, తన చేతిలోని అధికారాన్నీ జీవితాంతం పరిశీలించుకుంటూ ఉండటమే దీని సారం.

ఈ పరిశీలన ఎంత చిక్కయినదో క్యాన్సర్ వార్డులో తెలుస్తుంది. తండ్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కొడుకు ఒక్కడే లోపలికి వచ్చి, ‘నాన్నకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ’ అనడం తెలుగునాట నిత్యం జరిగేదే. తన శరీరం గురించి తానే నిర్ణయించుకునే హక్కు రోగిది అన్న సూత్రాన్ని చదువుకున్న వైద్యునికి ఇది మోసంలా కనిపిస్తుంది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఆ సూత్రాన్ని ఏళ్ళ తరబడి పాటించిన తెలుగు వైద్యులు సైతం, గుంటూరులో తండ్రికి జబ్బు చేస్తే ఇక్కడి వైద్యునికి ఫోను చేసి సరిగ్గా అదే మాట అడుగుతారు. వారిని ద్వంద్వనీతిపరులనడం తేలికే గాని, పుట్టిన ఇల్లూ చదివిన కళాశాలా ఇద్దరు వేర్వేరు గురువులై ఒకే మనిషిలో ఉండిపోయారనడం వాస్తవానికి దగ్గర. తనలో ఆ రెండూ ఉన్నాయని ఎరిగిన వైద్యుడు కొడుకుతో వాదనకు దిగడు, అతని మాటకు తలొగ్గడు. పెద్దాయననే పిలిచి, ‘రిపోర్టుల సంగతి మీతో మాట్లాడమంటారా, అబ్బాయితోనా?’ అని అడుగుతాడు. ‘నాకు తెలుసులే బాబూ, వాడికే మెల్లగా చెప్పండి’ అన్న జవాబు రావడం అరుదేమీ కాదు.

రోగి వచ్చిన సమాజం నుంచే వైద్యుడూ వస్తే ఈ సమస్య ఉండదనుకోవడం పొరపాటు. కుటుంబంలో మొదటిసారి చదువుకున్న వైద్యుడు, తాను ఎంతో కష్టపడి దాటివచ్చిన ఆచారం రోగి ఒంటి మీద కనిపిస్తే, ఇతరులకన్నా కఠినంగా మందలించడం కద్దు. పచ్చకామెర్లకు పసరు తాగి, ముంజేతి మీద వాతలు పెట్టించుకుని వచ్చినవారికి ఎక్కువ తిట్లు అతని దగ్గరే పడతాయి. కలుషితమైన నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. అదే కారణంగా ఆసుపత్రిలో రాసే విటమిను మాత్రలకూ, అవసరం లేకున్నా ఎక్కించే సెలైన్ సీసాకూ పేరొస్తుంది. తిట్లు తిన్న రోగి మరుసటిసారి పసరు మాట ఎత్తడు. కాలేయాన్ని దెబ్బతీసే ఆకులూ వేళ్ళూ ఉన్నందున వైద్యునికి తప్పక తెలియవలసిన సమాచారం అదే. అందువల్ల ఏ ఊళ్ళో పోశారు, ఎన్ని పూటలు తాగారు, తరువాత వాంతులేమైనా అయ్యాయా అని మామూలు గొంతుతో అడిగి, కేసుషీటులో రాసుకుని, గర్భిణి అయితే హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి తేగలదు కనుక వెంటనే చేర్చుకుని, మిగిలినవారికి బిలిరుబిన్‌తో పాటు రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పరీక్ష కూడా రాయాలి.