స్టీరియోలో ఈల

మా మావయ్య మారుతి వ్యాన్‌లోని స్టీరియో ఈల వేసేది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే సన్నగా మొదలై, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొంతు పెంచి, కాలు తీయగానే దిగిపోయేది. పాట పెట్టినా అంతే, రేడియో పెట్టినా అంతే. వాల్యూమ్ సున్నాకు తిప్పినా ఈల మాత్రం ఆగేది కాదు.

2013లో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. పూర్తయి, ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, విశాఖపట్నంలో ఓడ ఎక్కి మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన ఉండేది బతు బస్తీలో. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, గరచర్మ పక్కనే ఉంటుంది (2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది). అండమాన్, నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 జనగణనలో సుమారు 50 వేలు. వారిలో శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లినవారు చాలామంది. మావయ్యది బారువ దగ్గర ఊరు. కుర్రతనంలో వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. తెల్లవారుజామున జంగ్లీఘాట్‌లో చేపలు కొని, వ్యాన్‌లో వేసుకొచ్చి అమ్మడం ఆయన వ్యాపారం.

ఆయనకు ఒక్కటే వ్యసనం. చీకటి పడ్డాక వ్యాన్‌లో కూర్చుని ఆకాశవాణి విశాఖపట్నం వినడం. సముద్రానికి ఇవతల 1,200 కిలోమీటర్ల దూరంలో విశాఖ ఎలా వినిపిస్తుందని మొదట నమ్మలేదు. కారణం మీడియం వేవ్. పగలు ఆకాశంలో ఒక పొర ఈ తరంగాలను పీల్చేసుకుంటుంది. పొద్దు గూకాక ఆ పొర పలచబడుతుంది. తరంగాలు ఇంకా పైకి వెళ్లి అక్కడి పొరకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల కిందికి దిగుతాయి. అండమాన్‌లో అక్టోబర్‌లో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. ఆరున్నర, ఏడయ్యేసరికి 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖ గొంతు అలలు అలలుగా వచ్చేది. అంత బలహీనమైన గొంతును నొక్కేయడానికి చిన్న ఈల చాలు.

మరి ఇంజిన్ ఆపేసి వినొచ్చు కదా అన్నాను.

‘‘ఇంజిను ఆపితే పది నిమిషాల్లో సెట్టు పడుకుంటాది అల్లుడూ. ఇంజిను ఏస్తే ఈల ఏస్తాది. ఏటి సేసీది?’’ అన్నాడు.

అప్పటికే ఏడాదిగా వైద్యం నడుస్తోంది. సెట్ అమ్మిన షాపువాళ్లు సెట్ పాడైందన్నారు. పాతది 300 రూపాయలకు ఇచ్చేసి కొత్తది పెట్టించాడు. అదే ఈల. ఇంకో మెకానిక్ కరెంటు వచ్చే వైరులో ఫిల్టర్ అనే చిన్న డబ్బా పెట్టాడు. ఈల కొంచెం బొంగురు పోయిందే తప్ప పోలేదు. మరొకాయన ఏరియల్ మార్చాడు. స్పీకర్లు కూడా మారాయి. అందరూ డ్యాష్‌బోర్డులోనే వెతికారు. అరుస్తున్నది అక్కడే కాబట్టి.

అత్తయ్య ఫిర్యాదు వేరే. ‘‘సేపల పెట్టెల నీళ్లు మేటు కింద నిలబడిపోతన్నాయి. ఇనుమును కొరికెస్తన్నాయి. ఓ కన్నం పెట్టించండీ అంటే ఇనరు’’ అని వ్యాన్ కడిగినప్పుడల్లా అనేది. అది వ్యాన్ నేల సంగతి. మేం మాట్లాడుకుంటున్నది స్టీరియో సంగతి. అందుకే నేను కూడా పట్టించుకోలేదు.

అక్టోబర్ 9న ఉత్తరాన మాయాబందర్ దగ్గర దీవులను దాటిన వాయుగుండం బంగాళాఖాతంలోకి వెళ్లి తుపానుగా మారింది. పేరు ఫైలిన్. బతు బస్తీలో రెండు రోజులు వానపడి, కేబుల్ టీవీ పోయింది. ఇప్పుడంటే చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో అందుబాటులోకి వచ్చింది కానీ, అప్పట్లో దీవుల ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. ఒక వార్త పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. బారువలో అమ్మమ్మ ఉంది. ఫోన్ కలవడం లేదు. సమైక్యాంధ్ర ఉద్యమంలో భాగంగా విద్యుత్ ఉద్యోగులు సమ్మెలో ఉండటంతో కోస్తా అంతా చీకట్లో ఉంది. తుపాను కారణంగా 10న సమ్మె ఆగినా మా ఫోన్ మాత్రం కలవలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం వ్యాన్‌లో కూర్చున్నాం. కళింగపట్నం, పారదీప్‌ల మధ్య తుపాను తీరం దాటవచ్చని వార్తల్లో మొదలైంది. ‘కళింగపట్నం’ అన్న మాట వినబడింది. తర్వాతది ఈల మింగేసింది. మావయ్య ఇంజిన్ ఆపాడు. రెండు వాక్యాలు వచ్చాయి. తీరప్రాంత మండలాల పేర్లు చదువుతుండగా సెట్ ఆరిపోయింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కోపం రాలేదు. అదే నాకు భయం వేసింది.

పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో విలువ తెలియనివాళ్లు తక్కువ. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో సరదా కోసం అక్కడికి వచ్చింది. 26న సునామీతో ఫోన్లు మూగబోయాయి. ఆ సరదా సెట్లే దీవుల క్షేమ సమాచారం మోసే దారి అయ్యాయి. మావయ్య ఆ కథ నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే బస్తీలో వృద్ధుడైన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాం. దీవుల హిందీలో మాట్లాడే ఆ పెద్దాయన సెట్‌ను ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. ఈల ఇంజిన్‌తో పాటు పెరుగుతుందా? పెరుగుతుంది. టిక్ టిక్‌మంటుందా, సాగుతుందా? సాగుతుంది. ఇంజిన్ ఆపితే? ఉండదు. వాల్యూమ్ తగ్గిస్తే? తగ్గదు.

ఒక్కో జవాబుకూ ఒక్కో అనుమానితుణ్ణి వదిలేస్తూ వచ్చాడు. టిక్ టిక్ అయితే స్పార్క్ ప్లగ్ వైర్లు చూడాలి. ఇంజిన్ ఆపినా ఉంటే సెట్, స్పీకర్లు చూడాలి. గోతుల్లో పడ్డప్పుడే గరగరమంటే ఎక్కడో వైరు వదులు. వాల్యూమ్ తగ్గిస్తే తగ్గేదయితే ఏరియల్ నుంచి రావచ్చు. ఇది సున్నాలోనూ ఉంది కనుక పాట దారిలో రావడం లేదు, కరెంటు దారిలో వస్తోంది. సాగుతూ, ఇంజిన్‌తో పాటు పెరుగుతోంది కనుక పుట్టేది ఆల్టర్నేటర్‌లో.

‘‘అయితే ఆల్టర్నేటర్ మార్చాలా?’’ అన్నాను.

ఆయన నవ్వాడు. ఆల్టర్నేటర్ అన్నాక కరెంటులో చిన్న చిన్న అలలు ఉంటాయట. ఆ అలలను మింగి నిలకడగా ఉంచే చెరువు బ్యాటరీ. చెరువుకూ కాలువకూ మధ్య పూడిక పడితే అలలు నేరుగా ఇంటి మీదికి వస్తాయి. చెరువూ నిండదు.

అప్పుడు వెలిగింది నాకు. ఇంజిన్ వేస్తే ఈల, ఆపితే సెట్ ఆరిపోవడం రెండు జబ్బులు కావు, ఒకటే.

ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేయించి, మీటర్ తీగల్లో ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది వ్యాన్ బాడీ మీద పెట్టాడు. అక్కడ దాదాపు సున్నా రావాలి, వోల్టులో పదో వంతో రెండో ఉంటే సరే. ఒక వోల్టు దాటింది. తర్వాత మందమైన తీగ తెచ్చి బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కూ బాడీకీ నేరుగా కలిపాడు. ఈల కత్తిరించినట్టు ఆగిపోయింది. మావయ్య నా వైపు చూశాడు.

రబ్బరు మేటు ఎత్తితే అసలు దొంగ కనిపించాడు. బ్యాటరీ నుంచి బాడీకి బోల్టుతో బిగించిన ఎర్త్ తీగ. దాని కొస ఆకుపచ్చ, తెలుపు పొడిలో కూరుకుపోయి ఉంది. చుట్టూ ఉప్పు చార. ఇదివరకటి ఫిల్టర్ పెట్టింది పాజిటివ్ వైరులో, జబ్బు ఉన్నది నెగటివ్ వైపు. పెద్దాయన గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. తీగ కొస కోసి కొత్త మూతి పెట్టి, బిగించి, పైన గ్రీజు పూశాడు. మొత్తం 250 రూపాయలు.

‘‘అయితే పాత సెట్టు మంచిదేనేటి?’’ అన్నాడు మావయ్య. మంచిదేనన్నాడు పెద్దాయన. మావయ్య ఆ 300 రూపాయల సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

మధ్యాహ్నం గరచర్మ వైపు, డాలీగంజ్ వైపు ఊరికే తిరిగి వచ్చాం, బ్యాటరీ నిండటానికి. 12 రాత్రి ఇంజిన్ ఆపి కూర్చున్నాం. అత్తయ్య కూడా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. దూరపు ఉరుములు చిటపటమంటున్నాయి కానీ, వాటి మధ్య విశాఖ గొంతు స్పష్టంగా వచ్చింది. గోపాల్‌పూర్ దగ్గర తుపాను తీరం దాటుతోంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట తీర గ్రామాల వారిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. సెట్ ఆరిపోలేదు. బులెటిన్ చివరిదాకా విన్నాం.

గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి అది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఈసారి ముందస్తు హెచ్చరిక, లక్షలాది మంది తరలింపు వల్ల ఆ ఘోరం తప్పింది. 14న ఫోన్ కలిసింది. అమ్మమ్మ బడిలో పడుకుని వచ్చింది. కొబ్బరి చెట్లు మాత్రం పోయాయి.

తర్వాత నేను విలేకరినయ్యాను. ఎక్కడ గొడవ జరిగితే అక్కడికే వెళ్లడం మా వృత్తి. మైకు ఉన్నచోట కెమెరా ఉంటుంది. లోపం అక్కడే ఉండాలని లేదు. ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా పెద్దాయన ప్రశ్నలే నాకు దిక్కు: ఇది ఎప్పుడు పెరుగుతుంది, దేనితో పాటు తగ్గుతుంది? వాటికి ఇంకొకటి కలుపుకున్నాను. ఇక్కడ చాలాకాలంగా వేరే విషయం మీద ఎవరైనా మొత్తుకుంటున్నారా?

ఆ రాత్రి బులెటిన్ అయ్యాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మావయ్య రేడియో కట్టేసి, కళ్లు తుడుచుకుని, ‘‘ఎంత శుభ్రంగా ఇనబడినాది’’ అన్నాడు.

వెనక సీట్లోంచి అత్తయ్య అంది: ‘‘ఇనబడినాది సరే. ఆ నీళ్లు పోడానికి కన్నం ఎప్పుడు ఎడతారు?’’

మర్నాడు పొద్దున్నే పెట్టించాం.