సువా వానల్లో ఐడహో దంపతులు

ఫీజీ దేశంలో నాందీ దగ్గర విమానం దిగినప్పుడు ఎండ మాడ్చేస్తోంది. దారికిరువైపులా చెరకు తోటలు, సింగటోకా దగ్గర రోడ్డు పక్కన ఉడికించిన మొక్కజొన్న పొత్తులు. నవూవా వచ్చేసరికి వాన అందుకుంది. అక్కణ్ణుంచి రాజధాని సువా దాకా కారు వైపరు ఆగితే ఒట్టు. ఆగ్నేయం నుంచి సముద్రం మీదుగా వచ్చే గాలి వీతీ లేవు దీవి నడుమనున్న కొండలకు కొట్టుకుని, ఉన్న తేమలో చాలా భాగం సువా వైపే దించేస్తుంది. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్లు. మా ధవళేశ్వరంలో మంచి ఏడు పడే వానకి రెండింతలు పైమాటే. ముప్ఫై ఏళ్ళు ఇరిగేషన్ శాఖలో చేసినవాణ్ణి కాబట్టి కారులోనే ఈ లెక్కలన్నీ చెబుతుంటే, మా ఆవిడ కిటికీ అద్దం తుడుచుకుంటూ, "ముందు బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారో అడగండి" అంది.

ఆ ఒక్క ప్రశ్న చుట్టూతానే సువాలో మా రోజులు గడిచాయి.

మా మేనకోడలు అక్కడ సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. ఇల్లు సమాంబులా వైపు గుట్ట వాలులో ఉంది. పైన వీళ్ళు, కింది వాటాలో ఓ అమెరికన్ జంట. ఇద్దరికీ డెబ్భై అటూ ఇటూ ఉంటాయి. చొక్కా జేబు మీద నల్ల బిళ్ళ, దాని మీద పేరు. "మోర్మన్లు మామయ్యా. సీనియర్ మిషనరీలు" అంది మేనకోడలు. తెల్ల చొక్కాలేసుకుని జంటలుగా తిరిగే కుర్రాళ్ళని హైదరాబాదులోనూ చూశాను. రిటైరైన మొగుడూ పెళ్ళాలు కూడా సొంత డబ్బు పెట్టుకుని, ఇల్లు తాళం వేసి, ఏడాదో ఏడాదిన్నరో పరాయి దేశంలో ఉండి చాకిరీ చేస్తారని అప్పుడే తెలిసింది. ఈయన ఐడహోలో బంగాళదుంపల రైతు. పొలం కౌలుకిచ్చి ఆ డబ్బుతో వచ్చాడు. ఆవిడ నర్సుగా చేసి మానేసింది. వాళ్ళ వైపు ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. స్నేక్ నది కాలవలు లేకపోతే పిడికెడు గింజ పండదు. నేను గోదావరి ఆనకట్ట దగ్గర పనిచేశానని చెప్పగానే ఆయన కుర్చీ నా పక్కకి లాక్కున్నాడు. మా మాటలిక ఎక్కడికీ పోలేదు. తూములు, డిస్ట్రిబ్యూటరీలు, కాలవ చివరి రైతుకి నీళ్ళందకపోవడం. దైవం ఊసు ఆ పూట రాలేదు.

మిషనరీ అంటే బైబిలు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగేవాళ్ళని నా మనసులో ఉంది. ఈ చర్చిలోనూ ఆ పని చేసేది ముఖ్యంగా కుర్రాళ్ళే. పెద్దవాళ్ళకి పడేది ఆ కుర్రాళ్ళుండే అద్దె ఇళ్ళు చూసుకోవడం, ఆఫీసు కాగితాలు, వరదలప్పుడు సాయం సరుకులు. వానాకాలం సువాలో అద్దె ఇల్లు చూసుకోవడమంటే బూజుతో యుద్ధం. తెల్లారి ఆరింటికి రేకుల కప్పు మీద వాన మోతలో ఆయన ఫోను పట్టుకుని అరుస్తుండేవాడు, ఎవరి ఇంట్లోనో పరుపు కిందినుంచి నీళ్ళు వస్తున్నాయని. టిఫిను కాగానే ఇద్దరూ పికప్పులో బయల్దేరేవారు. బ్లీచింగు సీసా, బ్రష్షులు, పొగ అలారానికి బ్యాటరీలు, దోమతెరలు వెనకాల టార్పాలిను కింద. ఒకటి రెండుసార్లు నేనూ ఎక్కాను. ఆ ఇళ్ళకి అద్దం పలకల కిటికీలు, మూసినా జల్లు లోపలికే. ఓ ఇంట్లో బల్లకింద వారం వాడని తోలు బూట్ల జత చూశాను. పాలమీగడ రంగు బూజు నిలువెల్లా పట్టి, లేసుల చిల్లుల దగ్గర మాత్రం ఆకుపచ్చగా ఉంది. ఆవిడ బూటు లోపల చెయ్యిపెట్టి చూసి, ఏ తిట్టూ లేకుండా ఆ కుర్రాడి చేతికి బ్రష్షు ఇచ్చింది. పంతొమ్మిదేళ్ళ వాడు, టోంగా పిల్లాడు. తల వంచుకుని బూట్లు రుద్దుకున్నాడు.

బట్టల బీరువాలో రోజంతా ఓ బల్బు వెలిగించి ఉంచడం అక్కడి పాత కిటుకు. ఆ వెచ్చదనానికి చెమ్మ పట్టదు. ఉప్పు డబ్బాలో బియ్యం గింజలు. మా ఆవిడ ఇవన్నీ చూసి ఊరుకుంటుందా? "సాంబ్రాణి వెయ్యమనండి" అంది. సువా బజార్లో పూజ సామాన్ల కొట్లకి కరువు లేదు. బొగ్గుల మీద సాంబ్రాణి చల్లి, తడి చొక్కాలు వేలాడదీసిన గదిలో పొగ పెట్టించింది. అరనిమిషంలో పొగ అలారం కూత మొదలైంది. వానలో పక్కింటివాళ్ళు గొడుగులేసుకుని పరుగెత్తుకొచ్చారు. అలారం ఉండి తీరాలి, అది వాళ్ళ చర్చి నియమం. బ్యాటరీ తియ్యడానికి కింది వాటా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి సాంబ్రాణి కుంపటి వరండాలోకి చేరింది. చొక్కాలు సరిగా ఆరాయని చెప్పలేను గానీ ముక్కవాసన మాత్రం పోయింది.

మర్యాదకి టీ ఇద్దామంటే తాగరు. టీ, కాఫీ రెండూ వాళ్ళకి నిషిద్ధం. ఇంటికొచ్చినవాళ్ళకి వేడిగా ఏదీ ఇవ్వకుండా పంపడం మా ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. దానికి మందు ఫీజీలోనే ఉంది. నిమ్మజాతి చెట్టు ఆకులు నాలుగు నీళ్ళలో వేసి మరిగిస్తారు, పంచదార వేసుకుని తాగుతారు. ద్రౌనీమోలి అంటారు. వాన చినుకులు అంటుకునే ఉన్న ఆకులు పెరట్లోంచి కోసి తెచ్చి గిన్నెలో వేస్తే ఇల్లంతా ఘుమఘుమ. ఆ పూట నుంచి సాయంత్రాలు మెట్ల మీద మాకు అదే.

ఆ వానల్లోనే కొళాయి నీళ్ళు ఆగిపోయాయి. ఇదేం విడ్డూరమని మేనకోడలు గొణుక్కుంది. నాకు మాత్రం వింతగా తోచలేదు. ఎగువన కొండచరియలు విరిగి నది చిక్కటి బురదైతే ఫిల్టరు బెడ్లు పట్టుకోలేవు, శుద్ధి కేంద్రం ఆపక తప్పదు. అందుకని ఆకాశం కుండపోత పోస్తుంటే జనం బకెట్లు పట్టుకుని ట్యాంకరు కోసం వీధిలో నిలబడ్డారు. రైతుగారు రేకుల కప్పు చివర గొట్టం తగిలించి రెండు డ్రమ్ములు నింపాడు. మొదటి నీళ్ళు పారబోసి తర్వాతవి పట్టాలని ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది.

అల్పపీడనం కదలకుండా కూర్చుంది. నాందీలోని వాతావరణ శాఖ రేవా నదికి వరద హెచ్చరిక వేసింది. ఫీజీలో పెద్ద నది అదే. నౌసోరి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతో రేడియోలో చెప్పినప్పుడల్లా నేను మా బ్యారేజీ లెక్కలోకి మార్చుకోబోయేవాణ్ణి. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాణ్ణి, ఆ అంకెలు నిద్రలో అడిగినా చెబుతాను. ఇక్కడ నది చిన్నదే. కానీ కొండల నుంచి సముద్రానికి దూరం తక్కువ. నీళ్ళు రోజుల లెక్కన కాదు, గంటల లెక్కన వచ్చేస్తాయి. బళ్ళన్నీ పునరావాస కేంద్రాలయ్యాయి. చర్చి హాళ్ళు కూడా తెరిచారు.

నీళ్ళు తీశాక నౌసోరి అవతల కింగ్స్ రోడ్డు పక్కనున్న ఓ పల్లపు సెటిల్‌మెంటుకి వాళ్ళతో వెళ్ళాను. నౌసోరిలో 1882 నుంచి 1959 దాకా చక్కెర మిల్లు నడిచింది. గిర్మిట్ అనే కూలి ఒప్పందాల కింద తెచ్చిన మనవాళ్ళు ఆ మిల్లు చెరకు తోటల్లో నడుములిరగ్గొట్టుకున్నారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళలో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళు ఉన్నారు. గోడల మీద మోకాలి ఎత్తున బురద గీత. పరుపులు కప్పుల మీద. దాలో అనే చేమదుంపల మడి కుళ్ళు కంపు. రైతుగారు తిన్నగా సరుకు దించలేదు. ముందు అక్కడి అడ్వైజరీ కౌన్సిలరు ఇంటికి వెళ్ళి పేర్ల జాబితా సరిచూశాడు. ఒక ఇంటికి రెండు పేర్లు పడితే కొట్టేశాడు. ఒంటరి ముసలాయన పేరు లేకపోతే రాశాడు. తర్వాత మూత ఉన్న బకెట్టు, సబ్బులు, టార్పాలిను ఒక్కొక్కరికీ ఇచ్చి సంతకం తీసుకోవడం. గోదావరి వరదల్లో బియ్యం పంపిణీ దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ కొట్టివేతలు చూసి ముచ్చటేసింది. ఆయన భార్య ఇంకోవైపు పిల్లలకి చెప్పులు తొడిగిస్తోంది. వరద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుందని, కాలికి పుండుంటే బురదలో దిగొద్దని, నీళ్ళు మరిగించకుండా తాగొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అక్కడ వానల వెనకాలే లెప్టో, టైఫాయిడ్, డెంగీ వస్తాయి.

వరుసలో ఓ పెద్దావిడ ఉంది. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి వచ్చాడట. మాట ఫీజీ హిందీ. గుమ్మానికి మామిడాకులు, లోపల తడిసి ఉబ్బిన రాముడి పటం. మా ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆంధ్ర సంగం పెట్టిన కొత్తల్లో, అంటే 1941 తర్వాత, వాళ్ళ నాన్న అందులో ఉండేవాడని చెప్పింది. నేను ఉండబట్టలేక అడిగేశాను, వీళ్ళు మతం మారమంటారా అని. ఆవిడ నవ్వింది. కుర్రాళ్ళొస్తే దేవుడి గురించి అడుగుతారట. ఈ ముసలివాళ్ళు మాత్రం వచ్చినప్పుడల్లా కప్పు కారుతోందా అనే అడుగుతారట. మతం మాటకొస్తే తన మనవడొకడు ఆ చర్చికే వెళ్తున్నాడట. ఆవిడ మాత్రం ఏటా సువా మారియమ్మ గుళ్ళో నిప్పులు తొక్కే ఉత్సవానికి తప్పకుండా వెళుతుందట.

కాబట్టి వీళ్ళకి మతంతో పనిలేదని నేను సర్టిఫికెట్ ఇవ్వలేను. బకెట్టు మీద చర్చి గుర్తు ఉంది. ఉండాలని ఉండే ఉంటుంది. అయితే ఫీజీలో మిషనరీల చరిత్ర ఒక్క ముక్కలో తేలేది కాదు. 1897లో వచ్చిన హానా డడ్లీ అనే ఆస్ట్రేలియా మెథడిస్టు స్త్రీ సువాలో కూలీల పిల్లలకి చదువు చెప్పింది, అనాథలని తెచ్చుకుని పెంచింది. అదే సంఘానికి చెందిన బర్టన్ అనే పాస్టరు 1910లో తన పుస్తకంలో కూలీ బారకాసుల్లో జరిగే ఘోరాల్ని బయటపెట్టాడు. 1915లో వచ్చి కూలీల స్థితి చూసిన దీనబంధు ఆండ్రూస్ సరేసరి. ఆ కాలంలో మన కూలీల పక్షాన ఇంగ్లీషులో అరిచినవాళ్ళలో పాదిరీలు కొందరున్నారు. వాళ్ళ జేబులోనూ బైబిలే ఉంది.

మా ఆవిడ గొడవ వేరు. కింది వాటా ఆవిడకి ఆ వానల్లోనే మనవరాలు పుట్టింది. వీడియో కాల్లో చూపిస్తున్నారు. కాసేపటికి బొమ్మ బిగుసుకుపోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని బకెట్ల లెక్క మొదలెట్టింది. పైకొచ్చాక మా ఆవిడ అందుకుంది. "సొంత కూతురి పురిటికి వెళ్ళకుండా ఊళ్ళోవాళ్ళ గుమ్మాలు కడుగుతుందా! తల్లేనా?" ఆ కోపంలో న్యాయముంది. మా వీధిలో రిటైరైనవాళ్ళంతా ఆర్నెల్ల వీసా మీద డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళి వస్తుంటారు. పురుళ్ళు, నూనె స్నానాలు, పచ్చడి సీసాలు. మేమూ వెళ్ళాం, మళ్ళీ వెళతాం. అమెరికావాళ్ళు మనవల్ని వదిలి ఫీజీ వస్తుంటే మనం ఫీజీలు మానేసి వాళ్ళ అమెరికాకే పోతున్నాం. ఒకరు గొప్పని నేననను. కానీ రిటైరయ్యాక చెయ్యగలిగిన పని ఇంకోటి కూడా ఉందని మాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఈ మాట మా ఆవిడతో అంటే, "మీరు వెళ్ళండి బకెట్లు పంచడానికి, నేను పిల్ల దగ్గరికి పోతా" అంది. మర్నాడు తనే కిందికి వెళ్ళి వాము, శొంఠి కలిపిన పొడి పొట్లం కట్టి, దాన్ని ఐడహోకి ఎలా పంపాలో పోస్టాఫీసులో కనుక్కోమని ఆవిడకి చెప్పి వచ్చింది.

బయల్దేరేముందు రైతుగారు నాకో పని అప్పజెప్పాడు. ఆ టోంగా కుర్రాడి ఇంట్లోకి వానొస్తే నీళ్ళెందుకు వస్తున్నాయో చూడమని. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం కొనిపించి, నీళ్ళు నింపి, రెండు కర్రలకి కట్టి లెవెల్ తీశాం. నేలంతా వీధివైపు కాకుండా గుమ్మం వైపే జారుగా ఉంది. గుట్ట మీంచి దిగే నీరంతా తలుపు దగ్గరికే. జానెడు లోతున ఓ పిల్ల కాలవ తవ్వి పక్కకి మళ్ళిస్తే సరిపోతుంది. అది ఇంటి ఓనరు దాలో మడిలోంచి పోవాలి. ఓనరు గొడుగు కింద నిలబడి పన్నెండు మొక్కలు పోతాయన్నాడు. రైతుగారు మొక్కకి ఇంతని ఇస్తానన్నాడు. ఓనరు డబ్బొద్దు, మొక్కలు పీకి ఇంకోచోట నాటించి పెట్టమన్నాడు. కుర్రాళ్ళిద్దరూ తెల్ల చొక్కాలు విప్పేసి బనియన్లతో బురదలో దిగారు. మాకు నాందీ బస్సు వేళైంది. బస్సు కిటికీలకి అద్దాలు లేవు, చుట్ట చుట్టిన టార్పాలిన్లు దించి కట్టేశారు. దారిలోనే రైతుగారి నుంచి ఫోనుకి ఫోటో వచ్చింది. కాలవ వాటం సరిపోయిందా, ఇంకా జానెడు కిందికి దించమంటారా అని అడిగాడు. గుమ్మం దగ్గర చాలు, మలుపు దగ్గర మాత్రం నాలుగు వేళ్ళు దించండని రాశాను.